చదువప్పా, పెనుకొండా

ధర్మవరంలో ఒక మగ్గాల ఇంటి అరుగు మీద పాత డిజైన్ అట్టలు కట్టలు కట్టి పడేసి ఉన్నాయి. చీర అంచులో పువ్వు ఎక్కడ లేవాలో మగ్గానికి చెప్పడానికి రంధ్రాలు కొట్టిన అట్టలు అవి. ఇప్పుడు ఆ పని మగ్గం నెత్తిన కూర్చున్న చిన్న కరెంటు పెట్టె చేస్తోంది. అట్టలు పాత సామాన్లవాడి కోసం ఎదురు చూస్తున్నాయి.

మా చెల్లెలి కూతురి పెండ్లికి చీర చూడమంటే వెళ్ళాను. చీర చూడకుండా ఒక కట్టలోంచి అట్ట లాగి, వెలుతురుకు ఎత్తి, రంధ్రాల్లోంచి చూస్తూ నిలబడ్డాను. ఇంటామె నన్ను కొంచెం అనుమానంగా చూసింది. "అది పనికిరాదన్నా, తీసేసిండేది" అంది.

పనికి వచ్చిన రోజులు నాకు తెలుసు. హిందూపురంలో ఒక మనిషి ఇలాంటి అట్టలకే రేడియోల్లో వాడే రెసిస్టర్లు గుచ్చి గోడకు వేలాడదీసేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసే అర్హత నాకు లేదని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పట్లో ఆ పేరు తెలుసుకోవలసిన అవసరమే నాకు లేదనుకున్నాను.

చింతపండు మండీల వెనక సందులో ఉండేది ఆయన రేడియో సామాన్ల అంగడి. ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి వీధిలో ఉండాల్సిందే. చింతపండు పులుపు, టంకం పొగ కలిసి అక్కడొక వాసన ఉండేది. ఆ సందు మలుపు తిరగగానే చొక్కాకు అంటుకునేది. టేప్ రికార్డర్లు ఇళ్ళలోకి వచ్చేసిన కాలం అది. అయినా రేడియోల పిచ్చి ఉన్నవాళ్ళు గోరంట్ల నుంచి, మడకశిర నుంచి, అమరాపురం నుంచి బస్సులెక్కి అక్కడికి వచ్చేవారు. వాళ్ళందరికీ ఆయన ఊరి పేర్లే పెట్టాడు. "రాప్పా అమరాపురం." "గోరంట్లా, నీ స్పీకరు మూతి మాడ్చుకోనుండాది, దాన్ని ఎండలో పెట్టద్దంటి గదా."

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు "యా ఊరప్పా?" అన్నాడు.

"పెనుకొండ. మాది..." అని మా ఇంటిపేరు చెప్పబోయాను. పెనుకొండలో ఆ ఇంటిపేరు చెబితే చాలు, కూర్చున్నవాళ్ళు లేచేవారని మా అవ్వ చెప్పేది. నేను పుట్టేసరికి లేచేవాళ్ళు తగ్గిపోయారు. పొలాలు పోయాయి, ఇంట్లో సగం పోయింది. ఇంటిపేరు మాత్రం మడత నలగకుండా మిగిలింది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "పెనుకొండ సాలప్పా. ఈడ అందరూ ఊర్లే."

ఒక రైల్వే స్టేషను పేరుతో నన్ను పిలవడం నాకు నచ్చలేదు. అందరితో పాటు నన్నూ 'నువ్వు' అనడం అసలే నచ్చలేదు. కానీ మా తాత వాల్వు రేడియో మూగబోయి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు ఊరిలో సగం మంది మా వాకిట్లో నిలబడి ఆ రేడియోలో వార్తలు విన్నారు. దాన్ని మాట్లాడించాలని నాకు పట్టుదల. మెకానిక్కును పిలిపించే స్తోమత లేక వచ్చానని ఎవరూ అనుకోకూడదని ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఒక పుస్తకం పట్టుకుని వెళ్ళాను. "ఇది నాకొక ఆసక్తి మాత్రమే" అని చెప్పాను.

"ఆసక్తి ఉండేది మేలే. కూచో" అన్నాడు. పెద్ద బిస్కెట్టు డబ్బా నా ముందుకు జరిపాడు. అందులో చీమల పుట్ట లాగా రెసిస్టర్లు. ఒకటి నా చేతిలో పెట్టి, "చదువప్పా" అన్నాడు.

ఆ అంగడి ఆచారం అది. బెంగుళూరు నుంచి కలగాపులగంగా తెచ్చిన సరుకును ఆయన ఆ డబ్బాలో పోసేవాడు. రెసిస్టరు మీద అంకెలుండవు; మూడు నాలుగు రంగుల గీతలుంటాయి. ఏ రంగు ఏ అంకో తెలిస్తే, అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఆ విలువ తెలుస్తుంది. వచ్చినవాడు ఎవడైనా సరే, తనకు కావలసింది అడిగే ముందు ఒక గుప్పెడు చదివి పెట్టాలి. బ్రౌను అనకూడదు, కాఫీ అనాలి. "కాఫీ, నలుపు, ఎరుపు" అని మనం అంటే, ఆఖరి మాట నోట్లోంచి బయటపడే లోపల "వెయ్యి" అనేసి, వెయ్యి అని రాసిన అట్ట తీసి, దాని రంధ్రాల్లో ఆ రెసిస్టరు రెండు కాళ్ళూ గుచ్చేవాడు. "కాఫీ, నలుపు, నారింజ" అంటే పదివేల అట్ట. అంత వేగం నేను మళ్ళీ చూడలేదు. ఇలా చదివీ చదివీ మేమందరం రంగులు నేర్చుకున్నాం. అందుకే చదివిస్తున్నాడని, ఆయనొక రకం బడిపంతులని అనుకునేవాళ్ళం.

మీటరు పెట్టి కొలవచ్చు కదా అని ఎవరో అడిగితే, "ఒక్కొక్కదానికి ముల్లు పెట్టి కొలస్తా కూచుంటే ఈ డబ్బా అయిపోయేలోగా లోకంలో రేడియోలు అయిపోతాయప్పా" అన్నాడు.

ఆయన పద్ధతులే వేరు. ట్రాన్స్‌ఫార్మర్‌ను కొనే ముందు మల్లెపువ్వును చూసినట్టు వాసన చూసేవాడు. లోపలి తీగచుట్ట కాలి ఉంటే ముక్కు విరిచి వెనక్కి ఇచ్చేసేవాడు. స్పీకరు అట్టను గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పాడైపోయిన రేడియో తెస్తే, "పాడైందని నువ్వెట్ల చెప్తావు? అదేమంటాదో విననీ" అని మనిషి నోరు మూయించి దాని గరగర వినేవాడు. వస్తువు ఇచ్చేటప్పుడు అట్టలోంచి ఒక ముక్క కత్తిరించి, గుచ్చినవి గుచ్చినట్టే చేతిలో పెట్టి, ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "అట్ట తప్పు చెప్పదప్పా. చెప్తే మనిషే చెప్పాల." నేసేవాళ్ళ మాట అది. డిజైన్ చెడితే అట్టను అనొద్దు, చెయ్యి చూసుకో అని అర్థం.

ఆ అంగట్లో దినమూ కనిపించే మనిషి ఇంకొకడుండేవాడు. చెన్నేకొత్తపల్లి. నా ఈడువాడే. వాళ్ళ నాయన ఒకప్పుడు మా చేను గుత్తకు చేసేవాడు. వాడు నన్ను మొదటిసారి అక్కడ చూసి లేచి నిలబడ్డాడు. అంగడి ఆయన ఒప్పుకోలేదు. "కూచోప్పా. గల్లాకి ఆ పక్క ఉండేటోళ్ళంతా ఒగటే" అన్నాడు. వాడు కూర్చున్నాడు. లేచినందుకు సంతోషించాలో, కూర్చున్నందుకు కోపం తెచ్చుకోవాలో నాకు తేల్చుకోవడం అయింది కాదు; చివరికి కోపమే తెచ్చుకున్నాను.

చెన్నేకొత్తపల్లి మంచి పనివాడు. అంగట్లో ఒక మూల రిపేరు బల్ల వేసి వాణ్ణి కూర్చోబెట్టాలని ఆయన అనుకుంటున్నట్టు అందరికీ తెలుసు. బల్లకు కొయ్య కూడా వచ్చి గోడకు ఆనించి ఉండేది. చదవడంలో మాత్రం వాడు నిదానం. సందులో వెలుతురు తక్కువ. కాఫీ రంగా ఎరుపా అని అనుమానం వస్తే లేచి, వీధిలోకి వెళ్ళి, ఎండకు పట్టుకుని చూసి వచ్చి చెప్పేవాడు. నాకు అలా లేవడం నామోషీ. కూర్చున్నచోటే గడగడా చదివేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అంగడి నిండుగా ఉంది. నేను "కాఫీ, నలుపు, ఎరుపు" అన్నాను. ఆయన వెయ్యి అట్ట తీయబోతూ, ఏమనిపించిందో, దాన్ని చెన్నేకొత్తపల్లి చేతికిచ్చాడు. "నువ్వు చదువప్పా." వాడు వీధిలోకి వెళ్ళి వచ్చాడు. నా వైపు చూడకుండా, "నారింజన్నా" అన్నాడు.

"పెనుకొండ రైలు ఒక స్టేషను ముందే నిలిచినాది" అన్నాడు గోరంట్ల. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అంతకన్నా ఏమీ జరగలేదు. కానీ మా చేను గుత్తకు చేసినవాడి కొడుకు నా తప్పు దిద్దాడు, పదిమంది నవ్వారు. హిందూపురం నుంచి పెనుకొండ దాకా పాసింజరు రైల్లో నేను అదే నమలుకుంటూ వచ్చాను.

ఇంకొకటి కూడా నమిలాను. కొన్ని వారాల ముందు ఎవరో ఎర్ర వైరు అడిగితే ఆయన పచ్చ వైరు కొలిచి ఇచ్చాడు. ఇది పచ్చ కదన్నా అంటే తడుముకోకుండా, "పరీక్ష పెడితినిలే" అని నవ్వేశాడు. అప్పుడు నేనూ నవ్వాను. రైల్లో మాత్రం నాకు వేరేగా తోచింది. ఆయనకు రంగులు కనపడవేమో. చదివించడం మా కోసం కాదేమో, తన కోసమేమో.

అది నిజమో కాదో చూడాలనుకున్నాను. ఇప్పటికీ నా మనసు నాకు ఆ మాటే చెప్పి తప్పించుకోవాలని చూస్తుంది: చూడాలనే కదా చేశావు అని.

ఆ తరువాత వెళ్ళినప్పుడు చెన్నేకొత్తపల్లి లేడు. కొత్త డబ్బా విప్పి ఉంది. "మంచి టయానికి వస్తివి. చదువప్పా, పెనుకొండా" అన్నాడు. నేను కూర్చున్నాను. చేతిలో ఉన్నది నారింజ గీత. "కాఫీ, నలుపు, ఎరుపు" అన్నాను. "వెయ్యి" అని గుచ్చాడు. పట్టుకుంటాడని చూశాను. పట్టుకోలేదు. తరువాతది ఎరుపు గీత. నారింజ అన్నాను. "పదివేలు" అని గుచ్చాడు.

నా అనుమానం నిజమని తేలింది. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మధ్య మధ్య ఒప్పులు చదువుతూ, వాటి మధ్య తప్పులు కలుపుతూ, డబ్బా అడుగు కనపడేదాకా చదివాను. గొంతు ఎక్కడా తొణకలేదు. సభలో స్వాగత పత్రం చదివినట్టు చదివాను. ఆయన చేతులు నా మాట వెంబడి అట్టల మీద పరుగెత్తాయి. అయిపోయాక కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఈ పొద్దు బాగా చదివితివప్పా" అన్నాడు.

అది బయటపడడానికి మూడు వారాలు పట్టింది. నేను ఉండగానే గోరంట్ల వచ్చాడు, చేతిలో అట్టముక్క.

"ఏమన్నా, పదివేలని ఇస్తివి. ఏసినాక ట్రాన్సిస్టరు కాలిపాయ. కొలిస్తే వెయ్యి ఉండాది."

ఆయన అట్టముక్కను అటూ ఇటూ తిప్పాడు. అప్పటికే అలాంటివి రెండు వెనక్కి వచ్చాయట. గల్లా కింద నుంచి తీసి దాని పక్కన పెట్టాడు. అప్పుడు అమరాపురం ఆయన మెల్లగా, "దినామూ కూచోని చదివేది చెన్నేకొత్తపల్లోడే గదన్నా" అన్నాడు.

"వానికి బల్ల ఇస్తాననె గదా, ఇంగ చదివేదెందుకని అశ్రద్ధ చేసింటాడు" అన్నాడు ఇంకొకడు.

"అశ్రద్ధ కాదు, యా అంగడోడన్నా దుడ్లిచ్చి చేయించింటాడు" అన్నాడు మూడోవాడు. మాట అలా పెరుగుతూ పోయింది. గోరంట్ల నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు పెనుకొండా? మీ ఊరి పక్కోడే గదా."

నేను నిటారుగా కూర్చుని, "ఒకరి గురించి వెనకాల మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు అది మర్యాదగానే అనిపించింది. అంతకన్నా నీచమైన మాట నేను జీవితంలో అనలేదు.

ఆయన నన్ను కాసేపు చూశాడు. తరువాత స్టూలు ఎక్కి గోడకు వేలాడుతున్న అట్టలన్నీ దించాడు. ఒక్కటి కాదు, అన్నీ. ఏ రెసిస్టరు నిజమో ఏది అబద్ధమో ఆయన కళ్ళు చెప్పలేవు కదా. ఒక్కో అట్ట తీసి, గుచ్చినవన్నీ లాగి, బిస్కెట్టు డబ్బాలో పోశాడు. ఎన్ని ఏళ్ళుగా ఎంతమంది చదివినవో అవి. డబ్బాలో పడుతుంటే తొలకరి చినుకుల చప్పుడు వచ్చింది. "ఉండన్నా, మేము మళ్ళీ చదువుతాం" అని గోరంట్ల చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు.

"అరువు కండ్లతో యాపారం చేస్తిని. తప్పు నాదే. అట్టది కాదు" అన్నాడు.

ఆయనకు రంగులు తెలియవని మిగతావాళ్ళకు ఆ రోజే తెలిసింది.

ఆ తరువాత ఆ అంగట్లో ఎవరినీ చదవమని అడగలేదు. మీటరు పెట్టుకుని, ముల్లు చూసి, ఒక్కొక్కటి కొలిచి, కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. జనం ఎదురుచూసి విసుక్కుని, మెల్లగా బెంగుళూరు దారి పట్టారు. రిపేరు బల్ల కొయ్య గోడకు ఆనించినట్టే ఉండి, ఒక రోజు లేదు. చెన్నేకొత్తపల్లి రావడం మానేశాడు. ఒకసారి చింతపండు మండీలో మూట మోస్తూ కనిపించాడు. నేను చేతిలో పుస్తకం తెరిచి చదువుకుంటున్నట్టు నడిచిపోయాను.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన లేచి నిలబడి, స్టూలు మీద దుమ్ము గుడ్డతో తుడిచి, "రండి అయ్యా, కూర్చోండి" అన్నాడు.

నాకు ఎంత సంతోషం వేసిందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మా ఇంటిపేరు ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. ఇంటికి వెళ్ళి మా నాయనకు చెప్పాను. "మనిషి విలువ ఎప్పటికైనా తెలియక పోదు" అన్నాడు మా నాయన. ఆ తరువాత వెళ్ళిన నాలుగైదుసార్లూ అదే మర్యాద. "ఏం కావాలి అయ్యా?" "మీరు కూర్చోండి, నేను చూస్తాను." మా ప్రాంతపు మాట కూడా నా ముందు మానేశాడు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. మా తాత రేడియో చివరికి పలికింది. ఆ తరువాత నేను ఆ సందులోకి వెళ్ళలేదు.

ధర్మవరంలో ఆ అట్ట పట్టుకుని ఇదంతా తలుచుకుంటూ నిలబడి ఉండగా, మగ్గం మీది కరెంటు పెట్టె బాగు చేసే మనిషి వచ్చాడు. జుట్టు నెరిసింది, భుజాన సంచి. నన్ను చూడగానే ఆగాడు.

"మీరు పెనుకొండ గదా?"

చెన్నేకొత్తపల్లి. తను మగ్గం మీదికి ఎక్కి పెట్టె మూత విప్పుతూ, అది నాకు తెలిసే ఉంటుందన్నట్టు, "ఆయప్ప పోయినాడు. పోయిన కార్తీకంలో" అన్నాడు. "ఆఖర్న కండ్లు పూర్తిగా పాయ. అయినా అంగడికొచ్చి కూచునేవాడు. రేడియో తెస్తే శబ్దం విని చెప్పేవాడు, తప్పు యాడుండాదో."

"నాకు తెలియదు" అన్నాను.

"ఆయప్పది ఈ వీధే, తెల్సునా మీకు? మగ్గాలోళ్ళ ఇల్లు. పెండ్లి చీరకు పచ్చ అంచులో ఎర్ర పోగు ఏసినాడంట, వాళ్ళ నాయన మగ్గం మీదినుంచి దింపేసినాడు. రంగులకు బయపడి రేడియోకొస్తే ఈడా రంగులే తగులుకున్యాయప్పా అని నవ్వేవాడు."

ఇంటామె లోపలికి వెళ్ళింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పను అని నాకు తెలుసు.

"ఆ రోజు డబ్బా తప్పు చదివింది నేను. కావాలనే చదివాను."

తను తల తిప్పలేదు. స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు.

"తెల్సు."

"ఎప్పటినుంచి?"

"వారం తిరక్కముందే. ఆయప్ప బస్సు దిగి, ఎండలో నడుచుకుంటా మా ఇంటికొచ్చె. నువ్వు కాదప్పా అనె. ఎట్ల తెల్సన్నా అంటి. నువ్వైతే మద్దెలో ఆగుతావు, వీధిలోకి పోయి చూసొస్తావు. ఆ డబ్బా చదివిన గొంతు ఒగసారి కూడా ఆగలేదు. నిజం చదివేటోడు యాడో ఒగసోట ఆగుతాడు అనె."

"మరి నువ్వు వెనక్కి ఎందుకు పోలేదు?"

"ఆయప్పకు తెల్సు. హిందూపురానికి తెల్దు గదా. పదిమందిలో ఆ పేరు చెప్పన్నా, వస్తా అంటిని. చెప్పనన్యాడు." ఊడిన స్క్రూను జేబులో వేసుకున్నాడు. "ఆ మనిషికి పేరొక్కటే మిగిలుండాదప్పా, దాన్ని కూడా నేనెట్ల తీసేది అనె. నాకు కోపమొచ్చె. నాకేం మిగిలుండాదన్నా అని అడిగితిని. ఆయప్ప అట్లే కూచుండిపాయ. నీళ్ళు కూడా తాగకుండా పాయ."

నేను అరుగు మీద కూర్చున్నాను. నా పేరు వినడానికి ఇష్టపడని మనిషి, నా పేరు కాపాడాడు. దానికోసం ఒక మంచి పనివాణ్ణి పోగొట్టుకున్నాడు, ఆ పనివాడు మూటలు మోశాడు. నన్ను మాత్రం పెనుకొండా అని పిలవడం మానేశాడు. స్టూలు తుడిచి, రండి అయ్యా అన్నాడు. ఆ 'మీరు' మా ఇంటిపేరుకు దక్కిన మర్యాద అని నేను ఇన్నేళ్ళు దాచుకున్నాను. అది నన్ను ఆ అంగడి ఊళ్ళలోంచి వెలివేసిన మాట అని, ఇక నన్ను ఎప్పుడూ ఏదీ చదవమని అడగడని, నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. 'నువ్వు' అన్నన్నాళ్ళే నేను ఆయన మనిషిని.

క్షమించమని అడగబోయాను. చెన్నేకొత్తపల్లి మగ్గం మీది నుంచి చెయ్యి కిందికి చాచాడు. వేళ్ళ మధ్య ఒక రెసిస్టరు.

"అద్దాలు బండిలో మరిచొస్తిని. ఇదేమో చూడండి."

తీసుకున్నాను. "కాఫీ, నలుపు..." అన్నాను. మూడో గీత దగ్గర ఆగిపోయాను. ఎరుపా, నారింజా, తెలియలేదు. నా కళ్ళకూ పొర వచ్చింది. లేచి, గడప దాటి, వీధిలోకి వెళ్ళి ఎండకు పట్టుకున్నాను. తిప్పి చూశాను. మళ్ళీ చూశాను.

"నిదానంగానే చదవండి" అన్నాడు లోపలి నుంచి.

అప్పా అంటాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.